దొరలు దిగిన గది

ఆ శీతాకాలం మేము గది నేలను కాల్చి చలి కాచుకున్నాం.
అబద్ధం కాదు.
త్స్కాల్టుబోలో, ఒకప్పుడు కీళ్ళనొప్పులవాళ్ళు
వేడినీటి ఊటల కోసం వచ్చిపోయిన ఆరోగ్యశాలలో
మూడో అంతస్తు, మూడువందల పదకొండు.
చేపముల్లులా పేర్చిన ఓక్ పలకలు.
ఒక్కటి ఊడదీస్తే
ఒక గిన్నెడు నీళ్ళు కాగేవి.

సుఖుమీ నుంచి కొండ దాటి వచ్చినవాళ్ళం.
మంచులో ఎవరెవరు ఆగిపోయారో
ఆ లెక్క పెద్దవాళ్ళ దగ్గరుంది.
వాళ్ళు చెప్పలేదు, మేం అడగలేదు.
నాన్న చేతిగడియారం మాత్రం
నాయనమ్మ మోచేతి దాకా వదులుగా జారుతుండేది.

జనవరిలో చెల్లికి తట్టు పోసింది.
ఐదేళ్ళది, పేరు ఎతేరీ.
ఒళ్ళు పెనం. కళ్ళు వెలుగుకి ఓర్వవు,
వెలుగెక్కడుంది గనక, కరెంటు పోయి నెలలు.
డాక్టరమ్మ సగం మాత్ర ఇచ్చింది.
మిగతా సగం
నూటతొమ్మిదిలో ఇంకో పిల్లవాడికట.

నాయనమ్మ పెట్టె అడుగునుంచి
ఎర్ర తలగుడ్డ తీసి కిటికీకి కట్టింది.
"దొరలు వచ్చారు," అంది,
చుట్టాలొస్తే పొయ్యి దగ్గర గుసగుసలాడే గొంతుతో.
"సముద్రం అవతలనుంచి, కంచరగాడిదలెక్కి.
అలిసిపోయి ఉంటారు.
వాళ్ళున్నన్నాళ్ళు ఈ గదిలో
కోపం కూడదు, కోడిని కొయ్యకూడదు."
కోడి!
రొట్టె చూసి మూడు రోజులైంది.

దొరలకు పాట కావాలి.
పాటకు మూడు గొంతులు కావాలి.
నడిమి గొంతు నాయనమ్మది.
పై గొంతు ఎదురుగది లమారా అత్తది.
కిరోసిన్ డబ్బా తగాదాలో
నవంబరు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.
నేనే వెళ్ళి తలుపు తట్టాను.
"దొరలొచ్చారు" అన్నాను, అంతే.
అల్లుతున్న మేజోడు సూదులతో సహా
పట్టుకునే వచ్చేసింది.

మూడో గొంతు లేదు.
లేకుండానే మొదలుపెట్టారు.
అడుగు ఊడిన బిందెలో నీళ్ళు పోసినట్టు
పాట నిలవలేదు.

అప్పుడే తలుపు దడదడలాడింది.
కావలివాడు జుంబెర్.
చంకలో లెక్కల పుస్తకం, నాలిక చివర బూతు.
"సర్కారు నేల! ఎన్ని పలకలు పీకారో..."
ఎర్రగుడ్డ చూశాడు.
టోపీ తీశాడు.
బూట్లకి మంచు అంటుకుందని
గడపవతలే విప్పి
చిల్లుల మేజోళ్ళతో లోపలికొచ్చాడు.
ఏ కొండపల్లెలో ఏ తల్లి ఆయనకిది పాడిందో,
ఎవరూ పిలవకుండానే
కిందినుంచి ఒకే ఒక్క అచ్చు పట్టుకున్నాడు,
"ఓ" అని,
ఒరిగిన కప్పుకింద దూలం నిలబెట్టినట్టు.

పాటలో యుద్ధం లేదు. ఊరి పేరు లేదు.
కూర్చోండి, కాళ్ళు కడుక్కోండి,
పాప పడుకుంది, మెల్లగా నడవండి,
వెళ్ళేటప్పుడు దీపం చూపిస్తాం.
చంపగలవాళ్ళనైనా
చుట్టాల్లా మర్యాద చేసి సాగనంపొచ్చని
నాకు ఆ రాత్రే తెలిసింది.
మేము పారిపోయి వచ్చింది
ఆ సంగతి మరిచినవాళ్ళ నుంచే.
మేమూ మరిచామేమో.

నాయనమ్మ ఒకచోట ఆగిపోయింది,
గడియారం జారిన చేతిని
చెల్లి నుదుటిమీంచి తీయలేక.
నడిమి గొంతు ఖాళీ.
పైదీ కిందిదీ ఆగలేదు.
ఆ ఖాళీకి రెండు గట్లలా ఉండి
ఆమె తిరిగొచ్చేదాకా కాశాయి.

మూడో రాత్రికి జ్వరం దిగింది.
పాటకో, సగం మాత్రకో, నేను పందెం కాయను.
నూటతొమ్మిదిలో పిల్లవాడికీ దిగిందని విన్నాం.
పాత స్నానాల గొట్టాల వెంట
పాట అక్కడికీ వెళ్ళిందంటుంది నాయనమ్మ.
లమారా అత్త వారం తిరక్కుండా
మళ్ళీ కిరోసిన్ మాటెత్తింది.

ఏళ్ళ తర్వాత, జుంబెర్ పోయినప్పుడు,
ఆ లెక్కల పుస్తకం నా చేతికొచ్చింది.
తేదీ, గది నంబరు, వంకర అక్షరాలు:
"కాల్చిన పలకలు తొమ్మిది.
కారణం: అతిథులు."